టూరింగ్ బండితో 12 కిలోమీటర్ల మట్టి దారి: వెళ్లొచ్చా, వద్దా?

నీలిట్యాంకు:
అందరికీ నమస్కారం. నాది నాలుగు సిలిండర్ల టూరింగ్ బండి. ఫుల్ ట్యాంకుతో 240 కిలోలు. రెండు చక్రాలూ 17 అంగుళాలు, అల్లాయ్ రిమ్ములు, కింద ఖాళీ 130 మిల్లీమీటర్లు. తారు రోడ్డు మీద రోజంతా తోలినా నడుం పట్టేయదు, ఆ విషయంలో బండి మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు.

వచ్చే నెల వెళ్లే దారిలో ఒక కొండ మీద పాత కాపలా బురుజు ఉంది. తారు దిగాక అక్కడికి 12 కిలోమీటర్లు. మొదట గట్టి మట్టి, తర్వాత కంకర, మధ్యలో చీలమండ లోతు వాగు, చివర్లో ఎక్కుడు. జీపులు వెళ్తాయట. ఇంతవరకు నేను తారు దిగింది బండి ఆపుకోవడానికే. వెళ్లొచ్చా? వెళ్తే ఏం మార్చుకోవాలి? "వేరే బండి కొనుక్కో" అన్నది తప్ప ఏదైనా చెప్పండి.

రెండోగేరు:
వేరే బండి కొనుక్కో.

సరే సరే, తిట్టకండి. కానీ లెక్క చూడండి. మీ ముందు టైరు 120/70-17 అయి ఉంటుంది. అంటే టైరుతో కలిపి చక్రం ఎత్తు సుమారు 600 మిల్లీమీటర్లు. మట్టి కోసం చేసిన బండ్లకు ముందు 90/90-21 వేస్తారు, అది 695 దాకా వస్తుంది. దాదాపు పది సెంటీమీటర్లు తేడా. పెద్ద చక్రం గుంత మీదుగా దాటేస్తుంది, చిన్న చక్రం అందులోకి దిగుతుంది. దిగాక రిమ్ము అంచుకు దెబ్బ. అల్లాయ్ కాబట్టి వంగకుండా నేరుగా పగలొచ్చు కూడా. ఇది మీ చేతిలో ఉన్న విషయం కాదు, బండి పుట్టుకలోనే ఉంది.

స్పానర్12:
రెండోగేరు తమ్ముడూ, చక్రం లెక్క ఒప్పుకుంటా. కానీ "వేరే బండి" అనగానే అందరి మనసులోకి వచ్చేది పెద్ద అడ్వెంచర్ బండే కదా. బీఎండబ్ల్యూ ఆర్1250జీఎస్ బరువు 249 కిలోలు. నీలిట్యాంకు గారి బండి కంటే ఎక్కువే. బురదలో పడితే అదీ ఇదీ ఒకటే, లేపేవాడి నడుమే పోతుంది.

అసలు భయపడాల్సింది బండి కింద. ఒకసారి బండి పక్కన నేల మీద పడుకుని టార్చి వేసి చూడండి. చాలా నాలుగు సిలిండర్ల బండ్లకు ముందు నుంచి సైలెన్సర్ పైపులు నాలుగూ కిందికి వంగి ఇంజిన్ అడుగు నుంచి వెనక్కి వెళ్తాయి. వాటి పక్కనే ఆయిల్ ఫిల్టర్, ఒక్కోసారి డ్రెయిన్ బోల్టు. ముందు చక్రం ఎగరేసిన రాయి తగిలేది సరిగ్గా అక్కడే. పైపుకు సొట్ట పడితే చూడ్డానికి బాగోదు, అంతే. ఫిల్టర్‌కు చిల్లు పడితే ఆయిల్ మొత్తం నిమిషాల్లో నేల మీద ఉంటుంది, మనం చూసుకోకపోతే ఇంజిన్ పట్టేస్తుంది.

మీ మోడల్‌కు అడుగున వేసే అల్యూమినియం ప్లేటు దొరికితే వేయించండి. దొరక్కపోతే ఫిల్టర్ వరకైనా ఒక కవచం. రేడియేటర్ ముందు సన్నటి జాలీ. ఈ రెండూ లేకుండా కంకరలోకి దిగొద్దు, నా మాట వినండి.

కచ్చారోడ్డు:
బండి గురించి అన్నయ్యలు చెప్పేశారు. నేను తోలడం గురించి చెప్తాను. ఆరేళ్లుగా ఇలాంటి బండితోనే మట్టి దారులు తిరుగుతున్నా. పడ్డాను, లెక్క పెట్టడం మానేశాను.

తారు నుంచి వచ్చినవాళ్లు చేసే మొదటి తప్పు హ్యాండిల్‌ను గొంతు పిసికినట్టు పట్టుకోవడం. కంకర మీద ముందు చక్రం అటూ ఇటూ వెతుక్కుంటుంది. అది దాని పని. అడుగు దూరం పక్కకు జారి తనంతట తానే సర్దుకుంటుంది, మనం వదిలేస్తే. బిగబట్టామా, ఆ చిన్న జారుడును మనమే పెద్దది చేస్తాం. పట్టు మోకాళ్లతో ట్యాంకు దగ్గర ఉండాలి. వేళ్లు పియానో వాయించేంత వదులుగా ఉండాలి.

రెండోది నిలబడటం. వీడియోల్లో అందరూ నిటారుగా నిలబడి తోలుతుంటారు. మన బండ్ల మీద అలా కుదరదు. హ్యాండిల్ కిందికి, ముందుకు ఉంటుంది కాబట్టి పూర్తిగా లేస్తే నడుం వంచి చేతుల మీద వాలాల్సి వస్తుంది, అంటే మళ్లీ బరువంతా హ్యాండిల్ మీదే. అందుకే నేను పూర్తిగా లేవను. సీటు నుంచి నాలుగు వేళ్ల ఎత్తు లేస్తాను, మోకాళ్లు వంచి, బరువు ఫుట్‌రెస్టుల మీద వేసి. గతుకు వచ్చినప్పుడు బండి కాళ్ల మధ్య ఎగిరి పడుతుంది, మనిషి ఎగరడు. షాకబ్జర్ 120, 130 మిల్లీమీటర్లకు మించి కదలదు కదా మన బండ్లకు, మిగతాది మోకాళ్లే చేయాలి.

మూడోది చూపు. రాయిని చూస్తే రాయి మీదికే వెళ్తాం.

కొత్తచైను:
అక్కా, టైరులో గాలి ఎంత ఉండాలి? మా ఫ్రెండ్ ట్రయల్ బండికి 15 పెడతాడు. నేను 20 పెట్టి ఒకసారి పొలం గట్టున తోలాను, పట్టు అదిరింది.

స్పానర్12:
కొత్తచైను బాబూ, ఆ ఫ్రెండ్ బండి బరువు ఎంత? ట్రయల్ బండి 70 కిలోల చుట్టుపక్కలే ఉంటుంది. 240 కిలోల బండి, మనిషి, సామాను కలిపి 350 అవుతుంది. అంత బరువును 20లో పెట్టి రాయి ఎక్కిస్తే టైరు పూర్తిగా నలిగి రిమ్ము నేరుగా రాయిని కొడుతుంది. ట్యూబ్‌లెస్ టైరుకు ఇంకో గొడవ: రిమ్ము అంచు కొద్దిగా వంగినా గాలి నిలవదు. పంక్చర్ కిట్టు దానికి పనికిరాదు, చిల్లు టైరులో లేదు కదా.

తారు మీద ముందు 36, వెనక 42 ఉంటే, కంకరకు ముందు 30, వెనక 32 దగ్గర ఆగండి. అంతకంటే దించాలనిపిస్తే స్పీడు దించండి. ఒక చిన్న ఎలక్ట్రిక్ పంపు బ్యాటరీకి తగిలించుకునేది సీటు కింద పెట్టుకోండి. తారు ఎక్కగానే మళ్లీ నింపాలి, లేకపోతే టైరు వేడెక్కి పాడవుతుంది, మలుపుల్లో బండి తేలిపోతున్నట్టు ఉంటుంది.

కొత్తచైను:
బరువు సంగతి ఆలోచించలేదు. థాంక్స్ అన్నా. ఆ రోజు రిమ్ము బతికిపోయింది.

రెండోగేరు:
ఏబీఎస్ గురించి ఎవరూ అనలేదు. వదులు కంకరలో చక్రం లాక్ అయితే టైరు ముందు కంకర కుప్పలా చేరి ఆపుతుంది. ఏబీఎస్ ఆ కుప్ప చేరనివ్వదు, బ్రేకు వదిలి పట్టి, వదిలి పట్టి. దిగుడులో అయితే బ్రేకు నొక్కినా బండి ఆగనంటుంది, గుండె జారిపోతుంది. టూరింగ్ బండ్లలో చాలావాటికి ఏబీఎస్ ఆపే స్విచ్చే ఉండదు. నేను ఫ్యూజు పీకేస్తాను.

కచ్చారోడ్డు:
ఫ్యూజు పీకడం నాకు ఇష్టం లేదు. పీకినవాళ్లు తిరిగి పెట్టడం మర్చిపోయి తారు మీద వానలో జారిన కథలు ఈ వేదికలోనే రెండు ఉన్నాయి. వెనక చక్రానికి మాత్రమే ఆపే వీలుంటే ఆపండి. లేకపోతే దాన్ని అలాగే ఉంచి, దిగుడు మొదలవక ముందే మొదటి గేరులోకి వచ్చేయండి, క్లచ్ పట్టుకోకండి. ఇంజినే సగం బ్రేకు. ముందు బ్రేకు ఒక వేలితో, గుడ్డు పట్టుకున్నట్టు.

ట్రాక్షన్ కంట్రోల్ మాత్రం ఆపండి. ఇసుకలోనో ఎక్కుడులోనో చక్రం కొంచెం తిరగాలి. అది తిరగ్గానే కంప్యూటర్ పవర్ కోసేస్తే బండి నడిమధ్యలో ఆగిపోతుంది. ఇంజిన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే చాలా బండ్లలో అది మళ్లీ ఆన్ అయిపోతుంది, గమనించుకోండి.

దుమ్ముకళ్లద్దాలు:
మీరంతా టైరూ ఫ్యూజూ అంటుంటే నాకు ఎల్స్‌పెత్ బియర్డ్ గుర్తొచ్చింది. 1982 నుంచి 1984 దాకా లండన్ నుంచి బయలుదేరి ప్రపంచం చుట్టొచ్చింది. బండి ఏమిటి? బీఎండబ్ల్యూ ఆర్60/6. పక్కా రోడ్డు బండి, అప్పటికే పాతది. ఏబీఎస్ లేదు, ట్రాక్షన్ లేదు, ఫోన్‌లో మ్యాపు లేదు. అదే కంపెనీ 1980లోనే మట్టికీ తారుకీ పనికొచ్చేలా ఆర్80జీ/ఎస్ తెచ్చింది, 1981లో పారిస్ డాకర్ పందెం ఆ బండి మీదే హ్యూబర్ ఓరియోల్ గెలిచాడు. ఆవిడ మాత్రం తన దగ్గర ఉన్నదానితోనే వెళ్లింది.

రెండోగేరు:
ఆస్ట్రేలియాలో కిందపడి ఆసుపత్రిలో ఉండాల్సి వచ్చింది కూడా ఆవిడే. ఆ ముక్క ఎవరూ చెప్పరు.

దుమ్ముకళ్లద్దాలు:
నిజమే. కోలుకుని మళ్లీ అదే బండి ఎక్కింది. అది నువ్వు చెప్పలేదు.

మూడోమలుపు:
వాగు గురించి ఎవరూ పట్టించుకోలేదు, నేను చెప్తా, ఎందుకంటే నా బండి అక్కడే చచ్చింది.

నాకూ చీలమండ లోతే అన్నారు. దిగి చూడలేదు. మధ్యలో ఒక గుంత, ముందు చక్రం దిగింది, బండి కుడివైపు ఒరిగింది. ఇంజిన్ ఆగిపోయింది. అప్పటిదాకా జరిగింది దురదృష్టం. తర్వాత నేను చేసింది తెలివితక్కువ పని: బండి లేపి, కంగారులో సెల్ఫ్ నొక్కాను. గాలి కుదించుకుంటుంది, నీళ్లు కుదించుకోవు. పిస్టన్ పైకి రాబోయి ఆగింది, లోపల కనెక్టింగ్ రాడ్ వంగింది. టక్ మని ఒక్క చప్పుడు. ఆ చప్పుడు ఇప్పటికీ గుర్తుంది.

కాబట్టి చెప్పులు విప్పి నడవండి. ఏ దారిన బండి వెళ్లాలో ఆ దారినే నడవండి, పక్కన కాదు. వెళ్లేటప్పుడు మొదటి గేరు, ఒకటే వేగం, మధ్యలో వదలొద్దు. నీళ్లలో పడితే కిల్ స్విచ్ నొక్కి ఒడ్డుకు లాగండి. సెల్ఫ్ జోలికి పోకండి. ప్లగ్గులు విప్పి, తిప్పి, నీళ్లు కక్కించాకే స్టార్ట్. మన నాలుగు సిలిండర్ల బండికి ట్యాంకూ ఎయిర్ బాక్సూ విప్పితే గానీ ప్లగ్గులు కనపడవు, అంటే పూట పని. ఆయిల్ చూసే అద్దంలో పాలు కలిపిన టీ రంగు కనిపిస్తే ఆయిల్‌లో నీళ్లు కలిశాయి, ఇక తోలకండి.

నీలిట్యాంకు:
ఇంత చెప్తారనుకోలేదు, అందరికీ థాంక్స్. రెండు భయాలు మిగిలాయి. ఒకటి, ఎక్కుడులో సగంలో ఆగిపోతే ఏం చేయాలి? రెండు, పడితే ఒక్కణ్నే లేపగలనా? నేను అంత బలశాలిని కాదు.

కచ్చారోడ్డు:
నా బరువు 54 కిలోలు. లేపుతున్నా. బలం కాదు, పద్ధతి.

ముందు ఇంజిన్ ఆపండి, పెట్రోల్ కారుతుందేమో చూడండి, ఊపిరి పీల్చుకోండి. కుడివైపు పడితే లేపకముందే సైడ్ స్టాండ్ దించేయండి, లేకపోతే లేపాక అటువైపు పడుతుంది. గేరులో ఉంచండి, దొర్లదు. హ్యాండిల్ పూర్తిగా తిప్పి, కింద ఉన్న కొన ట్యాంకు దగ్గరికి వచ్చేలా చేయండి. బండికి వీపు పెట్టి, సీటు అంచుకు పిరుదులు ఆనించి కూర్చున్నట్టు దిగండి. ఒక చెయ్యి ఆ హ్యాండిల్ కొన మీద, ఇంకో చెయ్యి వెనక గ్రాబ్ రెయిల్ మీద. ప్లాస్టిక్ పట్టుకోకండి, చేతిలోకి వస్తుంది. ఇక వీపు నిటారుగా ఉంచి కాళ్లతో చిన్న చిన్న అడుగులు వెనక్కి. లేపకముందే పెట్టెలు, బ్యాగులు తీసేస్తే సగం పని అయిపోయినట్టే. అసలు గట్టి పెట్టెలు తీసుకెళ్లొద్దంటాను. కాలు నేలకు ఆనించి బ్యాలన్స్ చేసుకునేటప్పుడు వెనక నుంచి పెట్టె వచ్చి పిక్కను నొక్కేస్తుంది. గుడ్డ బ్యాగులు మేలు.

ఎక్కుడులో ఆగితే చెయ్యి ముందు బ్రేకు మీదికే పోతుంది. అది ఆపదు. బరువంతా వెనక చక్రం మీద ఉంటుంది కాబట్టి ముందు చక్రం లాక్ అయి కూడా బండి వెనక్కి జారుతుంది. వెనక బ్రేకు నొక్కాలంటే కుడికాలు కావాలి, ఆ కాలు నేల మీద ఉంది. అందుకే ఇంజిన్ ఆపి, మొదటి గేరులో ఉంచి, క్లచ్ వదిలేయండి. ఇంజిన్ వెనక చక్రాన్ని పట్టుకుంటుంది. తర్వాత క్లచ్ కొంచెం కొంచెం వదులుతూ, పడుతూ అంగుళం అంగుళం వెనక్కి దిగొచ్చు. దిగాల్సి వస్తే ఎప్పుడూ ఎత్తువైపే దిగాలి.

స్పానర్12:
ఈ అమ్మాయి చెప్పింది కాగితం మీద రాసి ట్యాంకుకు అంటించుకోండి.

నా వంతు రెండు మాటలు. హ్యాండిల్‌కు క్లచ్, బ్రేకు లివర్లను పట్టి ఉంచే క్లాంపు బోల్టులు రాయిలా బిగించి ఉంటాయి. పడితే లివర్ విరుగుతుంది. ఆ బోల్టులు కొద్దిగా వదులు చేయండి. తోలేటప్పుడు కదలకూడదు, కానీ అరచేత్తో గట్టిగా కొడితే తిరగాలి. పడినప్పుడు లివర్ తిరిగిపోతుంది, విరగదు. క్లచ్ లివర్ లేకుండా కొండ దిగడం ఎలా ఉంటుందో నాకు తెలుసు.

ఇంకోటి: ముందు మడ్‌గార్డ్. టూరింగ్ బండికి అది టైరుకు వేలెడు దూరంలోనే ఉంటుంది. బంకమట్టి వస్తే ఆ సందులో చేరి గట్టిపడి చక్రాన్నే ఆపేస్తుంది. ఆకాశం మబ్బుగా ఉంటే ఇంటి దగ్గరే విప్పి పెట్టేయండి. వాన పడిందని తెలిస్తే మానేయండి.

ఇంజిన్ చాంబర్ పగిలితే పూసుకోడానికి ఎపాక్సీ పుట్టీ, ఒక లీటరు ఆయిల్, అలెన్ కీలు, పంక్చర్ కిట్టు, తాడు. ఇవి చాలు.

నీలిట్యాంకు:
ఈ ఆదివారం ఖాళీ మైదానంలో ప్రాక్టీసు చేశా. నిలబడ్డా, తిరిగా, ఒకసారి నిలబెట్టిన బండినే పక్కకు పడేశా. అక్కా, వీపు పెట్టి లేపడం పనిచేసింది! మూడో ప్రయత్నంలో. మొదటి రెండుసార్లు సైడ్ స్టాండ్ మర్చిపోయా.

నీలిట్యాంకు:
వెళ్లొచ్చాను. పెద్ద పోస్టు, ఓపిక చేసుకోండి.

అడుగున ప్లేటు వేయించా, రేడియేటర్‌కు జాలీ పెట్టా, గాలి 30/32 చేశా, పెట్టెలు కింద వదిలేశా. నాతో ఇంకో బండి ఉంది, తేలికపాటిది. మొదటి నాలుగు కిలోమీటర్లు గట్టి మట్టి. దీనికోసమా నేను ఇంత టెన్షన్ పడ్డానని నవ్వొచ్చింది. కంకర మొదలయ్యాక నవ్వు ఆగింది. ముందు చక్రం అటూ ఇటూ పోతుంటే వేళ్లు వాటంతట అవే బిగుసుకుంటున్నాయి. "పియానో" అని హెల్మెట్‌లో పైకే అనుకుంటూ వదిలా. వదిలితే నిజంగానే సర్దుకుంది. ఆ తర్వాత ఒక కిలోమీటరు బాగా ఎంజాయ్ చేశా, ఒప్పుకోవాలి. ప్లేటుకు రాళ్లు తగులుతుంటే సత్తుగిన్నె మీద కంకర పోసినట్టు చప్పుడు.

వాగు నడిచి చూశా. ఒకచోట మోకాలి దాకా దిగింది! రెండు అడుగులు ఎడమగా పోతే చీలమండే. ఎడమగా దాటాం.

8 కిలోమీటర్లు దాటాక చెట్ల నీడలో దారి తడిగా ఉంది. రెండు రోజుల కిందటి వాన. పైన ఎండకు ఆరినట్టే ఉంది, కింద బంకమట్టి. యాభై మీటర్లు పోయానో లేదో, ఎవరో బ్రేకు పట్టుకున్నట్టు బండి బరువెక్కింది. యాక్సిలరేటర్ ఇస్తే వెనక చక్రం తిరుగుతోంది, ముందుది తిరగడం లేదు. దిగి చూస్తే టైరు మీద గీతలే కనపడలేదు. మడ్‌గార్డ్ అంచుల నుంచి మట్టి ఉబ్బి బయటికి వచ్చి ఉంది, మధ్యలో గడ్డి పోచలు. స్క్రూడ్రైవర్‌తో పొడిచి తీశా. పది నిమిషాలు. ఇరవై మీటర్లు పోయాక మళ్లీ అదే. మడ్‌గార్డ్ విప్పుదామంటే నాలుగు బోల్టుల్లో రెండు బ్రేకు పైపు బ్రాకెట్ వెనకాల ఉన్నాయి, నా అలెన్ కీ అక్కడికి దూరదు. ఇంటి దగ్గర ఒకసారి విప్పి చూసుకోవాల్సింది.

ఫ్రెండు "ఇంకో మూడు కిలోమీటర్లే కదా, తోసేద్దాం" అన్నాడు. పైన ఎక్కుడు కనిపిస్తోంది, అదీ అదే మట్టి. ఎక్కినా దిగేటప్పుడు ఏం పట్టుకుని ఆపుకోవాలి అనిపించింది. వెనక్కి తిప్పా. తిప్పేటప్పుడు ఎడమకాలు పెట్టాల్సినచోట నేల లేదు, నెమ్మదిగా ఒరిగి పడింది. ఇద్దరం కలిసి లేపాం.

బండ్లు పొడిగా ఉన్నచోట ఆపి మిగతాది నడిచాం. గంట పట్టింది. బురుజు బాగుంది.

రెండోగేరు:
తిప్పడం మంచి పని చేశారు. నేనైతే ఎక్కి ఇరుక్కునేవాణ్ని, మొహమాటం లేకుండా చెప్తున్నా.

మూడోమలుపు:
మోకాలి లోతు గుంత! నడిచారు కదా, నాకు అది చాలు.

కచ్చారోడ్డు:
ఇంటికొచ్చాక రేడియేటర్ కడగండి, కానీ ప్రెషర్ పైపుతో దగ్గర నుంచి కొట్టకండి, రేకులు వంగుతాయి. చైను శుభ్రం చేసి ఆయిల్ పెట్టండి. ముందు చక్రం ఎత్తి హ్యాండిల్ అటూ ఇటూ తిప్పి చూడండి, మధ్యలో ఎక్కడైనా పట్టినట్టు అనిపిస్తే స్టీరింగ్ బేరింగ్ చూపించండి.

నీలిట్యాంకు:
చైను అయిపోయింది. హ్యాండిల్ నున్నగానే తిరుగుతోంది. అడుగు ప్లేటుకు మూడు సొట్టలున్నాయి, ఒకటి సరిగ్గా ఫిల్టర్ కింద.

స్పానర్12:
ఆ సొట్ట అలాగే ఉంచండి, కొట్టి సరిచేయించకండి. అదిసరే, ఎడమవైపు పడిందన్నారు. క్లచ్ లివర్ విరిగిందా?

నీలిట్యాంకు:
తిరిగింది.